కత్తి పిడికి నీళ్లలో మునిగేంత బరువైన విదేశీ చెక్క: ఏది తీసుకోవాలి?

ఆకురాయి_తిరుపతి

నాలుగేళ్లుగా మేడ మీద చిన్న షెడ్డులో వంటింటి కత్తులకు పిడులు చేస్తున్నాను. అలుగులు చిత్తూరు దగ్గర ఒక కమ్మరి లారీ కమాను పట్టీలను సాగగొట్టి ఇస్తారు, నా పని చెక్క వరకే. నిరుడు కార్తీకంలో అమెరికాలో ఉండే ఒకాయన కోసం కోకోబోలో అనే మధ్య అమెరికా చెక్కతో పిడి బిగించాను. ఆన్‌లైన్‌లో రెండు పలకలకు మూడు వేల ఎనిమిది వందలు పెట్టి తెప్పించిన చెక్క అది. బిగించిన రోజు కళ్లు మూసుకుని వేలితో తడిమితే ఇనుము ఎక్కడ ముగిసిందో చెక్క ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఆయన ఆ కత్తిని తిరుపతిలో వాళ్ల అమ్మగారింట్లోనే ఉంచి వెళ్లారు. ఏప్రిల్‌లో ఆమె పిలిచి చూపించారు. పిడి చుట్టూ ఇనుప అంచు గోటికి తగిలేంత బయటికి వచ్చింది, వెనుక పిన్ను దగ్గర వెంట్రుక వాసి చీలిక పడింది.

ఆయన మంచి మనిషి, డబ్బు వెనక్కి అడగలేదు సరికదా ఇంకో కత్తి చేయమన్నారు. షరతులు మాత్రం రెండు పెట్టారు. చెక్క నీళ్లలో వేస్తే మునగాలి, మన దగ్గర దొరకనిదై ఉండాలి. లిగ్నమ్ వైటే, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్, స్నేక్‌వుడ్, డెజర్ట్ ఐరన్‌వుడ్ అని నాలుగు పేర్లు కూడా రాసి పంపారు. బరువైన చెక్క కదలదనే నమ్మకంతోనే నేను కోకోబోలో కొన్నాను, ఆ నమ్మకం ఏప్రిల్‌లో పోయింది. ఈ నాలుగింటిలో దేన్ని నమ్మవచ్చో వాడి చూసినవారు చెప్పగలరా?

పుత్తూరు_కట్టు

చీలిన పిడిని మా ఊరికి తీసుకురండి. గుడ్డు సొన, గుడ్డ పట్టీ వేసి మూడు వారాల్లో అతికించి పంపుతారు.

నల్లచేవ

నాలుగింటిలో ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌కు నా ఓటు. టాంజానియా, మొజాంబిక్ ప్రాంతాల చెక్క, ఘనమీటరుకు 1200 కిలోలకు పైనే తూగుతుంది. క్లారినెట్, ఓబో వంటి వాద్యాలు దానితోనే చేస్తారు. రోజూ మనిషి ఊపిరి తేమ తగులుతున్నా కొలత తప్పకుండా నిలబడే చెక్క కాబట్టే ఆ పనికి ఎంచుకున్నారు. లిగ్నమ్ వైటే ఇంకా గట్టిది. పూర్వం ఓడల ప్రొపెల్లర్ ఇరుసుకు బేరింగులుగా దాన్నే వాడేవారు, దానిలోని జిడ్డే కందెనగా పనిచేసేది. ఆ జిడ్డు వల్లనే జిగురు పట్టదు, కాబట్టి మీకు వద్దు. పైగా వెరావుడ్ అనే వేరే చెక్కను లిగ్నమ్ వైటే పేరుతో అంటగట్టే అమ్మకందార్లు ఉన్నారు. స్నేక్‌వుడ్ చూడటానికి పాము చర్మంలాగా ఎంతో అందంగా ఉంటుంది, అంత తేలికగానూ పగులుతుంది. డెజర్ట్ ఐరన్‌వుడ్ మెక్సికో, అమెరికా సరిహద్దులోని సోనోరా ఎడారిలో పెరిగే చెట్టు. అక్కడి కత్తుల తయారీదార్లు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు, అందులో అతిశయం లేదు.

స్వర్ణముఖి_ఒడ్డు

నల్లచేవ గారు చెప్పినవన్నీ నిజమే గానీ మొదటి పోస్టులోని జబ్బుకు అది మందు కాదు. కోకోబోలో స్వతహాగా చాలా తక్కువ కదిలే చెక్క. పచ్చిది పూర్తిగా ఎండేసరికి అడ్డంగా నూటికి నాలుగు పాళ్లు మాత్రమే కుంచించుకుంటుంది, చాలా చెక్కల్లో ఇది ఏడెనిమిది పాళ్లు ఉంటుంది. అలాంటి చెక్కే అంచు చూపించిందంటే అది ఎండకుండానే పిడిగా మారిందని అర్థం.

లెక్క ఇలా ఉంటుంది. చెక్కలో తేమ 30 శాతం దగ్గర పడ్డాకే కుంచించుకోవడం మొదలవుతుంది, అక్కడి నుంచి సున్నా వరకు వెళ్లేలోపు మొత్తం నాలుగు పాళ్లు. బిగించిన రోజు తేమ 20 శాతం, ఏప్రిల్ ఎండలకు 8 శాతం అనుకుందాం. తగ్గినది 12, అంటే మొత్తం కుంచింపులో ఐదింట రెండు వంతులు, అంటే 1.6 శాతం. మీ పిడి వెడల్పు 25 మిల్లీమీటర్లయితే 0.4 మిల్లీమీటరు పోయింది. గోరు అందులో నాలుగో వంతు మెట్టును కూడా గుర్తుపడుతుంది. ఇనుము కుంచించుకోదు కాబట్టి ఆ మెట్టు ఇనుప అంచుగా బయటపడింది. పిన్నులు చెక్కను రెండు చోట్ల కదలకుండా పట్టి ఉంచాయి, పోవడానికి దారి లేక అది చీలింది.

ఒక్క మాట చెప్పండి. ఆ పలకలు వచ్చినప్పుడు వాటి మీద మైనం పూత ఉందా?

ఆకురాయి_తిరుపతి

ఉంది. నాలుగు వైపులా పసుపురంగు మైనం దట్టంగా ఉంది. అదేదో రక్షణ కోసమనుకుని బాడిసెతో గీకి, వారం రోజుల్లోనే బిగించేశాను.

స్వర్ణముఖి_ఒడ్డు

దొంగ దొరికాడు. పచ్చి చెక్క దారిలో పగలకుండా అమ్మకందార్లు దాన్ని మైనంలో ముంచుతారు. అలా ముంచినది రెండేళ్లు దుకాణంలో ఉన్నా లోపలి తేమ లోపలే ఉంటుంది. మైనం పూత కనిపించిందంటే ‘ఇంకా ఎండలేదు’ అని చెక్క మీద రాసి ఉన్నట్లే.

అడితి_పెద్దాయన

ముప్పై ఆరేళ్లు కలప అడితి నడిపినవాణ్ణి కాబట్టి ఒక మాట చెబుతాను, నాయనా. ఎండిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు అక్కరలేదు. వంటింటి తక్కెడ చాలు, గ్రాములు చూపించేదైతే మేలు. చెక్క ముక్కను కొసల రెంటికీ మాత్రం కొవ్వొత్తి మైనం పూసి, మిగతా నాలుగు ముఖాలూ తెరిచి, గాలి ఆడే నీడలో పెట్టు. మేడ మీద ఎండలో పెట్టావా, మధ్యాహ్నానికి పేలుతుంది. ప్రతి ఆదివారం తూచి ముక్క మీదనే పెన్సిలుతో రాయి. నాలుగు ఆదివారాలు ఒకే అంకె వచ్చేదాకా రంపం ముట్టవద్దు. అంగుళం మందానికి ఏడాది అని మా నాన్న చెప్పేవారు. బరువు చెక్కలకు అది కూడా చాలదు.

తిరుపతిలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ చెక్కకు రెండే రుతువులు. ఐప్పసి వానలు మొదలైనప్పటి నుంచి ధనుర్మాసం వరకు అది తాగుతుంది, మాఘం దాటాక అగ్ని నక్షత్రం దాకా కక్కుతుంది. నువ్వు కార్తీకంలో బిగించావు, అంటే నిండుగా తాగి ఉన్న వేళ. పిడులు బిగించే పని ఫాల్గుణం, చైత్రాల్లో పెట్టుకో. ఆ తరువాత వానకు అది కొద్దిగా ఉబ్బినా చెక్కే పైకి వస్తుంది, ఇనుము చేతికి గుచ్చుకోదు.

రెండో_వంటిల్లు

వాడేవాళ్ల వైపు నుంచి ఒక మాట. నీళ్లలో మునగాలన్న షరతు ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు, కత్తితో ఈత కొట్టరు కదా. మా అత్తగారి ఊరు బంగారుపాళెం. వేసవిలో ఆవకాయకు నాలుగు వందల కాయలు కొడతాం. పిడి బరువుగా ఉంటే మొదటి యాభై కాయలకు బాగుంటుంది, రెండు వందలు దాటాక మణికట్టు తిడుతుంది. ఇంకొక సంగతి, పుల్లటి రసంతో చేయి తడిగా ఉన్నప్పుడు అద్దంలా మెరిసే పిడి చేప పిల్లలా జారుతుంది. నా దగ్గర బహుమతిగా వచ్చిన రోజ్‌వుడ్ పిడి కత్తి ఉంది, పండగకు పళ్లు కోయడానికి తప్ప దాన్ని ముట్టుకోను.

స్వర్ణముఖి_ఒడ్డు

రెండో_వంటిల్లు గారి మాటకు అంకెలు జోడిస్తాను. పదకొండు సెంటీమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, ఎనిమిది మిల్లీమీటర్ల మందం ఉన్న పలకలు రెండు కలిపితే 44 ఘన సెంటీమీటర్లు. టేకు అయితే సుమారు 29 గ్రాములు, నీళ్లలో మునిగే చెక్క అయితే 48 నుంచి 53 గ్రాములు. తేడా ఇరవై గ్రాములకు అటూ ఇటూ. కమాను పట్టీ అలుగు ముందువైపు బరువుగా ఉంటుంది కాబట్టి ఆ ఇరవై గ్రాములు వెనక్కి లాగి, కత్తి తూకం పిడి మొదట్లోకి తెస్తాయి. మామిడికాయ కొట్టేటప్పుడు ముందు బరువే పనిచేస్తుంది, ఉల్లిపాయ సన్నగా తరిగేటప్పుడు వెనుక బరువు సుఖం. కాబట్టి బరువు చెక్క మంచిదా కాదా అన్నది కత్తిని దేనికి వాడతారో తెలిశాకే చెప్పగలం.

మెరుపు విషయంలో ఆవిడతో పూర్తిగా ఏకీభవిస్తాను. వంటింటి పిడిని 400 నంబరు ఉప్పు కాగితం దగ్గర ఆపేయాలి. 2000 దాకా రుద్ది అద్దం చేసేది ఫోటో కోసం.

బాహుదా_బాబు

ఎక్కడెక్కడి చెక్కలో ఎందుకు, కొండ మీద ఎర్రచందనం పెట్టుకుని? నీళ్లలో మునుగుతుంది, రంగు రక్తచందనం, అమెరికా ఆయన కళ్లకు అద్దుకుంటాడు. మా తాత ఇంట్లో ఒక దుంగ ముక్క ఇప్పటికీ ఉంది, కావాలంటే ఇస్తాను.

శేషాచలం_నీడ

బాహుదా_బాబు గారూ, ఆ చివరి వాక్యాన్ని తొలగించడం మీకే మంచిది. ఎర్రచందనం ప్రపంచంలో మన తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండల్లో ఎక్కువగా ఉంటుంది. 1995లోనే వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైట్స్ రెండో అనుబంధంలో చేరింది. మన రాష్ట్రంలో అటవీశాఖ వేలంలో కొన్న పత్రమో, పట్టా భూమిలో పెంచి అనుమతితో కొట్టిన పత్రమో, రవాణా పర్మిటో లేకుండా ముక్క దగ్గర పెట్టుకుంటే అది తాతదా మనవడిదా అని ఎవరూ అడగరు. ఆ పిడి ఉన్న కత్తిని పెట్టెలో పెట్టుకుని విమానాశ్రయానికి వెళ్లే పెద్దమనిషి గతి ఆలోచించండి.

పత్రాలున్నా నేను పిడికి వాడను. ఎర్రచందనంలో విలువైనదంతా అలలుగా తిరిగే నార. జపాన్‌లో షమిసెన్ అనే తంతి వాద్యం మెడకు ఆ నారనే కోరుకుంటారు. పలచని పలకగా కోసినప్పుడు ఆ అలల దగ్గరే పెచ్చు లేస్తుంది.

పుత్తూరు_కట్టు

మా ఇంట్లో మరపాచి బొమ్మల జంట ఉంది. పిల్లల మోకాలు వాస్తే అవ్వ ఆ మగ బొమ్మ వీపును సానరాతి మీద అరగదీసి గంధం పట్టించేది. మూడు తరాల దెబ్బలకు ఆయన వీపు పల్లమైపోయింది, ఆమె మాత్రం చెక్కుచెదరలేదు. మా ఇంట్లో ఎర్రచందనం వాడకం అంతవరకే.

నల్లచేవ

శేషాచలం_నీడ గారు చట్టం మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. బ్లాక్‌వుడ్, కోకోబోలో కూడా ఆ జాబితాలో ఉన్నాయంటారు, మరి ఆన్‌లైన్‌లో బహిరంగంగానే అమ్ముతున్నారు కదా?

శేషాచలం_నీడ

ఉన్నాయి. ఆ రెండూ, మన జిట్రేగి (ఇండియన్ రోజ్‌వుడ్) కూడా, డాల్బెర్జియా అనే ఒకే ప్రజాతి. 2017 జనవరి 2 నుంచి ఆ ప్రజాతి మొత్తం రెండో అనుబంధంలో ఉంది, బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే 1992 నుంచే మొదటి అనుబంధంలో ఉంది. రెండో అనుబంధం అంటే నిషేధం కాదు, కాగితాలతో జరిగే వ్యాపారం. తయారైన వస్తువుల్లో ఆ చెక్క పది కిలోల లోపు ఉంటే సడలింపు ఉంది, కాబట్టి పూర్తయిన కత్తికి అంత ఇబ్బంది రాదు. కోసిన పలకకు, దిమ్మెకు ఆ సడలింపు లేదు. పైగా బయటి నుంచి కలప మన దేశంలోకి రావాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం పురుగు శుద్ధి చేసినట్లు ధ్రువపత్రం కావాలి. కొనేటప్పుడు ఆ కాగితాల నకలు అడగండి. అడగగానే అమ్మకందారు మాట మారిస్తే మీరూ దుకాణం మార్చండి.

కొలిమి_చిత్తూరు

నేను కమ్మరిని, చెక్క గురించి తక్కువ తెలుసు, కానీ ఇక్కడ ఎవరూ ఇనుము వైపు చూడలేదు. తప్పు చెక్కది సగం, కట్టుబడిది సగం. రెండు పలకల మధ్య ఇనుము పెట్టి పిన్నులు కొట్టే పద్ధతి మన పాత పద్ధతి కాదు. మా తాతలు అలుగు తోకను సన్నగా సాగదీసి, ఒకే చెక్కలో బెజ్జం వేసి, కాల్చిన తోకను అందులోకి దించేవారు. లక్క, ఇటుక పొడి కలిపి పోసి, మూతి దగ్గర ఇత్తడి పొన్ను బిగించేవారు. తోక చెక్క కడుపులో ఉంటుంది కాబట్టి చెక్క ఎంత కుంచించుకున్నా చేతికి ఇనుము తగలదు. మూతి చీలకుండా పొన్ను కాపాడుతుంది. మా ఇంటి కొబ్బరి మట్టలు కొట్టే మచ్చుకత్తి నలభై ఏళ్లది, పిడి నల్లతుమ్మ, ఇంతవరకు ఊడలేదు.

నల్లచేవ

కొలిమి గారూ, ఆ పద్ధతిని తక్కువ చేయడం లేదు. కానీ వెనుకదాకా ఇనుము కనిపించే కత్తినే ఈ రోజుల్లో కొనేవారు గట్టిదని నమ్ముతున్నారు. లక్క వేడికి మెత్తబడుతుంది, పొయ్యి పక్కన పెట్టారంటే కదులుతుంది.

కొలిమి_చిత్తూరు

లక్కకు బదులు ఎపాక్సీ జిగురు పోసుకోండి, నాకు అభ్యంతరం లేదు. తోక లోపలే ఉండనివ్వండి.

సన్నాయి_మేళం

క్లారినెట్ మాట వచ్చింది కాబట్టి మా ఇంటి మాట చెబుతాను. మా మేనమామ గుళ్లో నాదస్వరం వాయిస్తారు. తంజావూరు పక్క నరసింగంపేటలో నాదస్వరాన్ని ఆచ్చా చెక్కతో తొలుస్తారు, అది మనం నారేప అనే చెట్టే. మన దేశపు చెక్కల్లో ఎంతో బరువైన వాటిలో అదొకటి. అయితే వాళ్లు అడవి నుంచి కొత్త దుంగ తెచ్చుకోరు. పడగొట్టిన పాత ఇళ్ల దూలాలు, స్తంభాలు ఏరి కొంటారు. డెబ్బై, ఎనభై ఏళ్లు ఒకే కప్పు కింద ఎండకూ వానకూ అలవాటు పడిన చెక్క ఇక కొత్తగా వంకర పోదని వాళ్ల నమ్మకం, మామ చేతిలోని వాద్యం చూస్తే నాకూ అదే నమ్మకం. ఊదినంతసేపూ ఉమ్మి తడి లోపల కారుతూనే ఉంటుంది, ముప్పై ఏళ్లుగా పగలలేదు.

ఆకురాయి గారు విదేశాలకు రాసే ముందు ఒకసారి పాత ఇళ్లు పడగొట్టేచోట నిలబడి చూడాలని నా సలహా.

మామిడితోట_బంగారుపాళెం

ఇంకో దారి ఉంది. ముసలి మామిడి చెట్లు ఏటా కొట్టేస్తున్నారు. బూజు పట్టి నల్లగీతలు పడిన మామిడి చెక్క చూడటానికి ఏ విదేశీ చెక్కకూ తీసిపోదు. శూన్యం చేసిన డబ్బాలో రెజిన్‌లో ముంచి, 90 డిగ్రీల పైన ఓవెన్‌లో గట్టిపరిస్తే బరువు బాగా పెరిగి, నీరు పట్టకుండా తయారవుతుంది. మునగాలన్న షరతు కూడా కొంతవరకు తీరుతుంది. చండ్ర, తుమ్మ వంటి వాటికి కూడా ఇదే చేయవచ్చు కదా?

స్వర్ణముఖి_ఒడ్డు

మామిడికి చేయవచ్చు, చండ్రకు కాదు. రెజిన్ వెళ్లాలంటే చెక్కలో ఖాళీ ఉండాలి. నీళ్లలో మునిగే చెక్కలో ఖాళీ చాలా తక్కువ, జిడ్డు ఉంటే ఉన్నదీ నిండిపోయి ఉంటుంది. పై పూతగా అంటుకుని రెండు నెలలకు పొరలుగా లేస్తుంది. ఇంకొక జాగ్రత్త, తడి ఉన్న చెక్కను రెజిన్‌లో ముంచితే ఓవెన్‌లో ఆ తడి ఆవిరై రెజిన్‌ను బయటికి తోసేస్తుంది. మళ్లీ పెద్దాయన చెప్పిన తక్కెడ దగ్గరికే వచ్చాం.

పాకాల_వడ్రంగి

పొడి గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మూడేళ్ల కిందట కోకోబోలో దిమ్మె ఒకటి మాస్కు లేకుండా బెల్టు మీద పెట్టి రుద్దాను. పొట్టు నారింజ రంగులో, మిరియాల పొడి వాసనతో ఎంతో బాగుంది. సాయంత్రానికి మెడ మీద దద్దుర్లు, తెల్లారేసరికి కనురెప్పలు విచ్చుకోలేదు. మా ఆవిడ తేనెటీగలు కుట్టాయనుకుంది. పది రోజులు పట్టింది, ఆ తరువాత నుంచి జిట్రేగి పొడి తగిలినా దురద మొదలవుతుంది. రోజ్‌వుడ్ కుటుంబంతో ఇదే బాధ, ఒకసారి ఒంటికి పడకపోతే ఇక జన్మంతా పడదు. మన చెక్కలు అమాయకమైనవని అనుకోవద్దు, బిళ్లు చెక్క పొడికి కూడా ఒళ్లు దద్దురు లేస్తుంది. అసలు ఏ చెక్క పొడి అయినా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే తేల్చింది. గుడ్డ కట్టుకోవడం చాలదు, బిగువుగా పట్టే మాస్కు కావాలి.

పుత్తూరు_కట్టు

ఇప్పటికి తేలింది ఇది: విదేశీ చెక్క కుంచించుకుంటుంది, కొండ చెక్క జైలుకు పంపుతుంది, జిడ్డు చెక్క అంటుకోదు, అందమైన చెక్క కళ్లు మూయిస్తుంది. ఆకురాయి గారూ, అరటి బోదెతో ప్రయత్నించారా?

అడితి_పెద్దాయన

సన్నాయి మేళం చెప్పిన మాటే నా నోట్లో ఉంది. పాత దూలం కూడా అక్కరలేదు, రోకలి వెతుకు నాయనా. ఈ పక్క మంచి రోకళ్లన్నీ చండ్ర చేవతో చేసినవే. బెరడు పక్క తెల్లచెక్క అంతా చెక్కేసి, నడిమి ఎర్రచేవ మాత్రమే మిగిల్చేవారు. తరాలుగా గోడకు ఆనించి ఉంది కాబట్టి ఎండేది ఇక ఏమీ లేదు. మిక్సీలు వచ్చాక ఎన్ని రోకళ్లు వంటచెరుకుగా పోయాయో నా కళ్లతో చూశాను. గట్టితనంలో నువ్వు రాసిన విదేశీ పేర్లలో సగానికి అది దీటుగా నిలబడుతుంది. ఆకురాయి మీద పెడితే నీకే తెలుస్తుంది.

ఆకురాయి_తిరుపతి

పెద్దాయనా, మా ఇంట్లోనూ ఒక రోకలి ఉంది. ఈ పోస్టు చదివి అమ్మను అడిగాను. ‘వెర్రి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట’ అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయింది. అది అక్క పెళ్లిలో పసుపు దంచిన రోకలి, దాని జోలికి వెళ్లే ధైర్యం నాకు లేదు.

అడితి_పెద్దాయన

మీ అమ్మ చెప్పిందే సరి, పెళ్లి రోకలిని రంపానికి ఇవ్వకూడదు. పాత ఇంటి సామానుతో కలిపి తూకానికి కొన్నవి నా దగ్గర రెండు పడి ఉన్నాయి. ఒకదానికి పొన్ను ఊడిపోయింది. వచ్చి తీసుకువెళ్లు. డబ్బు వద్దు, చిన్న కత్తి ఒకటి చేసి ఇయ్యి చాలు.

నల్లచేవ

చండ్ర మంచి చెక్కే, కాదనను. కానీ కొనే ఆయన అడిగింది విదేశీ చెక్క. ఆయన కోరింది చేయకుండా మనకు ఇష్టమైనది చేసి ఇవ్వడం వ్యాపారం కాదు. నాణ్యమైన బ్లాక్‌వుడ్‌లో నార కంటికి కనిపించనంత సన్నం, పిడి మీద గీత గీస్తే నిబ్బుతో గీసినట్లు ఉంటుంది. చండ్రలో అది రాదు.

రెండో_వంటిల్లు

ఆయన ఉండేది అమెరికాలో. అక్కడికి చండ్ర విదేశీ చెక్కే కదా.

నల్లచేవ

ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు.

కొలిమి_చిత్తూరు

రోకలి మధ్య భాగం తీసుకోండి, దంచిన కొస వద్దు. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న కొసలో కంటికి కనిపించని నెరియలు ఉంటాయి, బెజ్జం వేసేటప్పుడు బయటపడతాయి. బర్మా తిప్పేటప్పుడు మూడు సార్లుగా, నిదానంగా దించండి, చండ్ర వేడెక్కితే కాలిన వాసన వస్తుంది.

పాకాల_వడ్రంగి

జిగురుకు ముందు ఆ బెజ్జాన్ని, తోకను అసిటోన్‌తో తుడవడం మరవద్దు. పై పూతకు ఉడికించిన అవిసె నూనె పలచగా మూడు సార్లు, ఒక్కో పూతకు మధ్య రెండు రోజులు ఆగి పట్టించండి, చివర తేనెమైనం. కొబ్బరి నూనె, ఆముదం ఎప్పటికీ ఆరవు, పిడి జిడ్డోడుతుంది. వేరుశెనగ నూనె నెలకే కంపు కొడుతుంది. నూనె గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి, అవిసె నూనె ఆరుతూ వేడెక్కి తానే అంటుకుంటుంది, తీగ మీద విప్పి ఆరవేయండి.

సీమతుమ్మ_అభిమాని

ఆలస్యంగా చూశాను. చండ్ర దొరకనివారికి చెబుతున్నాను, సర్కారు తుమ్మను మరవకండి. 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురంలో నాటిన ఆ మెక్సికో ముల్లు ఇప్పుడు ప్రతి చెరువు కట్ట మీదా ఉంది, కొట్టినందుకు ఊరు దండేసి పంపుతుంది. చాలా తక్కువగా కుంచించుకునే చెక్క అది, పిడికి కావలసిన లావు ఎలాగూ దొరుకుతుంది. తెల్లచెక్కను పూర్తిగా తీసేయకపోతే మాత్రం పుప్పి పురుగు పిడిలోనే కాపురం పెడుతుంది. ‘విదేశీ చెక్క’ అన్న షరతు కూడా అక్షరాలా నెరవేరుతుంది.

ఆకురాయి_తిరుపతి

చాలా రోజుల తరువాత రాస్తున్నాను. పెద్దాయన ఇచ్చిన రోకలి నడుమ నుంచి జానెడు ముక్క కోసి వంటింటి తక్కెడ మీద పెట్టాను. మొదటి ఆదివారం 318 గ్రాములు. అయిదో ఆదివారానికి 317. ఆ ఒక్క గ్రాము చెక్కదో తక్కెడదో నాకు తెలియదు, పెన్సిలు అంకెలు మాత్రం ముక్క మీద వరుసగా ఉన్నాయి. రంపం పెట్టినప్పుడు పైపొర దాకా బూడిద రంగు, తరువాత ఒక్కసారిగా ఇటుక ఎరుపు బయటపడింది. ఆకురాయి మొదట జారింది, గట్టిగా అదిమితే పొడి కాకుండా సన్నటి రవ్వలా రాలింది. కొలిమి గారు చెప్పినట్లు తోక లోపలికి దించి, ఎపాక్సీ పోసి, ఇత్తడి పొన్ను వేశాను. 400 దగ్గర ఆపాను.

అమెరికా ఆయనకు ఫోటో, రోకలి కథ రెండూ పంపి, బ్లాక్‌వుడ్ కావాలంటే కాగితాలున్న దుకాణం నుంచి తెప్పించి, ఏడాది ఎండబెట్టాకే చేస్తానని రాశాను. చండ్రకే ఒప్పుకున్నారు, అయితే ‘ఇంతకూ మునుగుతుందా’ అని మళ్లీ అడిగారు. మిగిలిన ముక్కను అమ్మ పెరుగు గిన్నెలో నీళ్లు పోసి వేశాను. ఒక కొస అడుగుకు తగిలింది, రెండో కొస నీటి మట్టానికి సరిగ్గా ఆగింది. అదే ఫోటో తీసి పంపాను. గిన్నెకు ఎరుపు మరక అంటింది, దాన్ని తోముతున్నది నేనే.

అడితి_పెద్దాయన

నా చిన్న కత్తి ఎప్పుడు?